కర్త లేని వాక్యం

నలభై దాటిన మగవాడికి చత్వారం రావడం ప్రకృతి ధర్మం. వచ్చిందని ఒప్పుకోకపోవడం అతని స్వధర్మం. రెండేళ్ళపాటు నేనూ ఈ రెండో ధర్మాన్ని నిష్ఠగా పాటించాను. పుస్తకాన్ని మూరెడు దూరంలో పట్టుకుని చదువుతూ, అచ్చు సరిగ్గా లేదని ప్రెస్సు వాళ్ళని తిట్టేవాణ్ణి. "చెయ్యి ఇంకో జానెడు పొడుగు చేయించుకోండి, అద్దాల ఖర్చు తప్పుతుంది" అనేది మా ఆవిడ.

ఆ బింకం వల్ల నష్టం నా ఒక్కడిదే అయితే ఇవాళ మీకు ఈ సంగతి చెప్పవలసిన పని లేదు.

మూడేళ్ళ క్రితం నా పాత విద్యార్థి ఒకడు స్టాఫు రూముకి వచ్చాడు. గల్ఫ్ దేశంలో టగ్గు పడవ మీద ఉద్యోగమట. చేతిలో ఇంగ్లీషు ఒప్పంద పత్రం వుంది. "ఒక్కసారి చూడండి సార్" అన్నాడు. క్లాసుకి గంట కొట్టేశారు. జేబులో అద్దాలు లేవు. లేవని చెప్పడానికి మనసొప్పలేదు. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "బాగానే వుందోయ్, క్షేమంగా వెళ్ళిరా" అన్నాను. వాడు నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఏడు నెలలకి తిరిగొచ్చాడు. అందులో నాలుగు నెలల జీతం రానేలేదు. పడవ వాళ్ళని అడిగితే కంపెనీని అడగమన్నారట. కంపెనీని అడిగితే నిన్ను పంపినవాణ్ణి అడగమన్నారట. పంపినవాడి ఆఫీసుకి తాళం! ఇంతా చెప్పి నన్ను ఒక్కమాట అనలేదు. "మీరు చదివి బాగుందన్నారు కదా సార్, లోపం కాయితంలో వుండదు, నా అదృష్టంలోనే వుంది" అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను అంత సిగ్గుపడ్డది ఆ రోజే. మర్నాడే వెళ్ళి అద్దాలు చేయించుకున్నాను. అప్పటినుంచీ అవి నా చొక్కా జేబు వదలలేదు.

కిందటి మార్గశిర మాసంలో వాటికి పని పడింది.

మార్గశిర గురువారమంటే మా విశాఖపట్నంలో పాత ఊరంతా ఒకటే సందడి. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి జనం బారులు తీరతారు. మా ఆవిడ ఆ వరసలో నిలబడితే నేను సంచీ పట్టుకుని పూర్ణా మార్కెట్ దారి పట్టాను. నాకు అక్కడ తిరగడమంటే ఇష్టం. బెల్లం, ఎండుమిరప, చింతపండు, ఉల్లి అన్నీ కలిసిన ఆ ఘాటు మరెక్కడా దొరకదు. బస్తాలు మోసే కలాసీలు "జరగండి, జరగండి" అంటూ మన భుజాలు రాసుకుని పోతారు. తెలుగు మేష్టర్ని గనక ఆ మాట విన్నప్పుడల్లా ఒక సంగతి తోస్తుంది. కలాసీ అంటే మొదట ఓడ మీద పనివాడు. ఆ మాట ఓడ దిగి, రేవు దాటి, బజార్లోకి వచ్చి బస్తా ఎత్తుకుంది. ఈ ఊళ్ళో సముద్రం వాసన లేని మాట తక్కువ.

నాకు పదిహేనేళ్ళుగా ఉల్లిపాయల ఖాతా ఒక మామ్మ దగ్గర. డెబ్బై దాటిన మనిషి. నేను సంచీ చాపగానే, తూకం మీద చెయ్యి వెయ్యకుండా, గల్లాపెట్టె కింద నించి ఒక కవరు తీసింది.

"మేష్టరు బాబూ, ఈ కాయితం ఓపాలి సూడండి. మా గుంటడు ఓడెక్కుతాడట. సోమవారం నాటికి లచ్చన్నర కట్టాలట. ఏటి రాసుందో మాకేటి తెలుస్తాది?"

గుంటడంటే ఆమె మనవడు. ఇరవైరెండేళ్ళ వాడు. తండ్రి లేడు. ఓడ ఉద్యోగానికి కావలసిన భద్రతా శిక్షణ పూర్తిచేసి, నావికుల పుస్తకం తెచ్చుకుని, రెండేళ్ళుగా పిలుపు కోసం చూస్తున్నాడు. ఈలోగా అమ్మమ్మ దుకాణంలో బస్తాలు విప్పుతున్నాడు. ఆ రోజు కూడా అక్కడే వున్నాడు, మా మాట వింటూ, విననట్టు మొహం పెట్టి.

"సముద్రం కాదు సార్, నది. యూరప్‌లో రైన్ నది మీద తిరిగే పెద్ద పడవ. డెక్ హ్యాండ్ పని. నెలకి పన్నెండువందల యూరోలు" అన్నాడు. మొత్తం ఖర్చు మూడున్నర లక్షలు. మొదటి వాయిదాకి మామ్మ మెడలో గొలుసూ, చేతి గాజులూ తాకట్టు పెట్టడానికి సిద్ధమయింది.

నేను ఉల్లిబస్తా మీద కూర్చుని అద్దాలు పెట్టుకున్నాను. ఏడు పేజీలు. ఈసారి మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివాను. రెండుసార్లు చదివాను. అప్పుడు తట్టింది నాకు, నేను ఇన్నేళ్ళుగా క్లాసులో చెప్పే పాఠమే అందులో వుందని.

క్లాసులో కర్తరి వాక్యం, కర్మణి వాక్యం చెబుతాం కదా. "రాముడు రావణుణ్ణి చంపాడు" అనేది కర్తరి. "రామునిచేత రావణుడు చంపబడెను" అనేది కర్మణి. ఈ రెండోది తెలుగువాడి నోట సహజంగా రాదని పిల్లలకి చెబుతూ వుంటాను. అయినా పాపం, ఆ వాక్యంలో చంపినవాడెవరో వుంది. ఈ ఒప్పందంలో అదీ లేదు. తెలుగులోకి మార్చుకుంటే ఇలా వుంది: జీతము చెల్లింపబడును. వసతి కల్పింపబడును. అభ్యర్థి తగిన పడవకు పంపబడును. అవసరమైనచో జీతము నుండి కోత విధింపబడును. ఎవరిచేత? ఏడు పేజీల్లో ఎక్కడా లేదు. ఒకచోట మన ఊరి ఏజెంటు పేరు, మరోచోట సైప్రస్ ద్వీపంలో ఒక సంస్థ పేరు, ఇంకోచోట "పడవను నడుపువారు" అని మాత్రం వున్నాయి. పడవ పేరు లేదు.

ఒక్క రకం వాక్యాల్లో మాత్రం కర్త స్పష్టంగా వున్నాడు. అభ్యర్థి డబ్బు కట్టవలెను. అభ్యర్థి మధ్యలో మానరాదు. అభ్యర్థి మానినచో నష్టపరిహారము ఇచ్చుకొనవలెను.

"మామ్మా, ఆదివారం దాకా టైమియ్యి. అప్పటిదాకా గొలుసు తియ్యకు" అన్నాను. కుర్రాడి మొహం మాడిపోయింది.

రెండు రాత్రులు మా అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చున్నాను. తెలుసుకున్నది మీకూ పనికొస్తుందని చెబుతున్నాను. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి కవరు ఏదో ఒకనాడు తెరవవలసి రావచ్చు.

రైన్ నది మీద స్విట్జర్లాండులోని బాసెల్ నుంచి నెదర్లాండ్సులోని రాటర్‌డామ్ దాకా పెద్ద పడవలు నడుస్తాయి. 1992లో తెరిచిన కాలువ దాన్ని డాన్యూబ్ నదితో కలిపింది గనక, ఉత్తర సముద్రం దగ్గర ఎక్కినవాడు నదుల మీదుగానే నల్లసముద్రం చేరవచ్చు. ఇక్కడ మోసమంతా కల్పన కాదు. అలాంటి పడవలూ వున్నాయి, ఉద్యోగాలూ వున్నాయి. అయితే పడవ సొంతదారు ఒక దేశంలో, నడిపేవాడు ఒక దేశంలో, పనివాళ్ళకి కాగితం మీద యజమాని మరో దేశంలో వుండడం అక్కడ మామూలే. పనివాళ్ళని సమకూర్చే పనిని వేరే సంస్థకి అప్పగిస్తారు. మనుషులు దొరకడం కష్టం కావడం ఒక కారణం. పనివాడి పేర యజమాని కట్టవలసిన సామాజిక బీమా సొమ్ము ఒక దేశంలో ఎక్కువ, ఒక దేశంలో తక్కువ కావడం ఇంకో కారణం.

వాళ్ళకి చట్టాలు లేకపోలేదు. రైన్ నది రాకపోకలు చూసే సంఘానికి 1815 నాటి వియన్నా మహాసభలోనే పునాది పడింది. దాని కార్యాలయం ఇప్పుడు స్ట్రాస్‌బర్గ్‌లో వుంది. 1868లో మాన్‌హైమ్‌లో దేశాలు చేసుకున్న ఒడంబడిక ఇంకా అమల్లోనే వుంది. 2014లో యూరోపియన్ యూనియన్ నది పడవల మీద పనిగంటలకి హద్దులు పెట్టింది. రోజుకి 14 గంటలు, వారానికి 84 గంటలు మించకూడదు. మొత్తం మీద సగటు వారానికి 48 గంటలు దాటకూడదు. చట్టాలు బాగానే వున్నాయి. కాని యజమాని ఎవరో తెలిస్తేనే కదా, చట్టం చూపించి నిలదీసేది!

ఈ చిక్కు అక్కడి న్యాయస్థానాల దాకా పోయింది. 2020 జులైలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఒక తీర్పు చెప్పింది. అది పడవలది కాదు, లారీలది. డ్రైవర్లు నెదర్లాండ్సులో వుండేవాళ్ళు. వాళ్ళని నడిపించేవి నెదర్లాండ్స్ రవాణా సంస్థలు. ఉద్యోగ పత్రం మాత్రం సైప్రస్ సంస్థది. కాగితం మీద పేరెవరిదని కాదు చూడవలసింది, మనిషి మీద అధికారం నిజంగా ఎవరిది, జీతం భారం నిజంగా ఎవరిమీద పడుతోంది, పనిలోంచి తీసెయ్యగలవాడెవడు, అతడే బీమా లెక్కకి యజమాని అన్నారు న్యాయమూర్తులు. మా వ్యాకరణంలో చెప్పాలంటే, కర్మణి వాక్యంలో దాక్కున్న కర్తని చెవి పట్టుకుని బయటికి లాగారు.

ఇక మన వైపు సంగతి. సముద్రం మీద పనిచేసేవాళ్ళ కోసం 2006లో ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. మన దేశం దాన్ని 2015లో ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోకూడదు. వీసా ఖర్చు కూడా ఓడ యజమానిదే. మన దేశంలో నావికుల్ని పంపే సంస్థకి నౌకాయాన డైరెక్టరేట్ ఇచ్చిన లైసెన్సు వుండాలి. కాని ఆ ఒప్పందంలో "ఓడ" అనే మాటకి నిర్వచనం చూశాను. కేవలం లోతట్టు జలాల్లో తిరిగేది దాని లెక్కలో ఓడ కాదు!

ఆదివారం కుర్రాడు సరిగ్గా ఇదే అన్నాడు. "ఏజెంటు ముందే చెప్పాడు సార్. ఓడ అయితే డబ్బు తీసుకోకూడదట. ఇది నది పడవ కాబట్టి తీసుకోవచ్చట."

"చట్టం బాగానే చదివాడోయ్ మీ ఏజెంటు. సగం చదివాడు" అన్నాను. ఓడ కాకపోతే అది మామూలు విదేశీ ఉద్యోగం. దానికి 1983 నాటి వలసల చట్టం వుంది. ఆ చట్టం కింద ఏజెంటు రిజిస్టరై వుండాలి. మనిషి దగ్గర తీసుకునే సేవా రుసుము ముప్ఫై వేల రూపాయలూ, దాని మీద పన్నూ మించకూడదు. "ఓడ అయితే పైసా తీసుకోకూడదు. పడవ అయితే ముప్ఫై వేలు. మరి మూడున్నర లక్షలు దేనికి? ఇదేమైనా విమానమా?"

వాడు నవ్వలేదు. "మీకేం సార్, ఉద్యోగముంది. నెలకి జీతం పడుతుంది. నాకు రెండేళ్ళుగా అందరూ వద్దని చెప్పేవాళ్ళే. ఇదిగో ఉద్యోగం అన్నవాడు ఈ ఒక్కడే" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాడన్నది అబద్ధం కాదు. తాళం వేసిన ఆఫీసు ముందు నిలబడేది వాడే, ఉల్లిబస్తాల మధ్య వయసు కరిగిపోయేదీ వాడిదే. సలహా చెప్పేవాడికి ఖర్చేముంది?

అంతవరకూ మామ్మ ఉల్లిపొట్టు చెరుగుతూ వూరుకుంది. అప్పుడు చేట పక్కన పెట్టింది.

"మేష్టరు బాబూ, మీరు సెప్పిందంతా నాకు తెల్దు. ఒకటడుగుతాను. ఈణ్ణి పంపేవోడు ఒకడు, పనిలో పెట్టేవోడు ఇంకోడు, పడవ మరోడిది. కూలి మజ్జిలోవోడి సేతులోంచి రావాల. అంతేనా?"

"అంతే."

"అయితే మేస్త్రీ అన్నమాట. అలా సెప్పరేం!"

ఆమె తాత రంగం వెళ్ళినవాడు. రంగమంటే రంగూన్. మా ఉత్తరాంధ్రలో ముసలివాళ్ళకి ఇప్పటికీ ఆ పేరే. మేస్త్రీ ఓడ టిక్కెట్టు కొని, ఇంట్లో కొంత అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయాడట. రేవులో బియ్యపు బస్తాలు మోసే పని. టిక్కెట్టు బాకీ తీరడానికే రెండేళ్ళు పట్టిందట. "కంపినీ ఏదో మా తాతకి తెల్దు బాబూ. మేస్త్రీ పేరు మాత్రం సచ్చేదాకా మరిసిపోలేదు" అంది.

నేను రెండు రాత్రులు కూర్చుని తెలుసుకున్నది ఆ ఒక్క మాటలో వుంది. రంగం రేవులో తెలుగువాళ్ళ కూలి పైనుంచి కిందికి దిగేటప్పటికి ఎన్ని చేతులు మారేదో చరిత్రలో వున్నదే. పైన కాంట్రాక్టరు, కింద పెద్ద మేస్త్రీ, ఆ కింద చిన్న మేస్త్రీలు, అందరికంటే కింద మోసేవాడు. 1930 మేలో మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల వాళ్ళు బర్మా కూలీల్ని తెచ్చి పెట్టుకున్నారు. సమ్మె తీరగానే వాళ్ళని వెళ్ళగొట్టి మళ్ళీ మనవాళ్ళని పిలిచారు. అక్కడ రాజుకున్న నిప్పు పెద్ద అల్లరయి చాలామంది ప్రాణాలు పోయాయి. చచ్చినవాళ్ళూ చంపినవాళ్ళూ కూలీలే. కూలి నిర్ణయించినవాడు ఆ వీధిలోనే లేడు. 1941 డిసెంబరులో రంగం మీద బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్ళు అడవుల్లో పడి అస్సాం దాకా నడిచారు. వాళ్ళని తీసుకురావలసిన బాధ్యత ఎవరిది? కర్త లేడు.

అదేదో పాతకాలం అనుకోకండి. 2024 మేలో మన విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి పేపర్లలో చదివే వుంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాల పనిలోకి దించారు. పంపినవాళ్ళు ఇక్కడి ఏజెంట్లే.

అయితే మధ్యవాడు వుండడమే పాపమంటారా? నేను అననండి. రైన్ నది మీద పడవ నడిపేవాడు మనిషి కోసం పూర్ణా మార్కెట్ రాలేడు. ప్రపంచానికి నావికుల్ని ఎక్కువగా అందించే దేశాల్లో మనదొకటి. లైసెన్సున్న సంస్థల ద్వారా వెళ్ళి, ఇళ్ళు కట్టుకుని, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు మా ఊళ్ళోనే ఎందరో వున్నారు. అసలు మామ్మ దుకాణంలో ఉల్లిపాయ మాత్రం ఎలా వచ్చింది? కమీషను ఏజెంటు లేకుండా కర్నూలు ఉల్లి ఇక్కడికి రాదు. కాని ఆ ఏజెంటు చీటీ ఇస్తాడు. అందులో సరుకు ఎవరిది, తూకమెంత, ధర ఎంత, తన కమీషనెంత అన్నీ వుంటాయి. కుళ్ళు తేలితే ఎవరి గుమ్మంలోకి వెళ్ళాలో మామ్మకి తెలుసు.

ఆ మాటే కుర్రాడితో అన్నాను. "మీ అమ్మమ్మ ఉల్లిబస్తాకి చీటీ అడుగుతుంది. నువ్వు నీ మనిషికి చీటీ అడుగు. ఇచ్చాడా, వెళ్ళు. గొలుసు తాకట్టుకి నేనే తోడొస్తాను."

అక్కడే, దుకాణం లెక్కల పుస్తకం వెనక అట్ట మీద, వాడి చేతనే నాలుగు ప్రశ్నలు రాయించాను. ఒకటి: పడవ పేరేమిటి, ఏ దేశంలో రిజిస్టరయింది, నడిపేది ఎవరు? రెండు: జీతం ఎవరిస్తారు, జబ్బు చేస్తే బీమా ఏ దేశానిది, తిరుగు టిక్కెట్టు ఎవరు కొంటారు? మూడు: వీసా పని చేసుకునేదా, చూసి వచ్చేదా? నాలుగు: మీ లైసెన్సు నంబరెంత, ఈ డబ్బుకి రసీదు ఎవరి పేర ఇస్తారు?

నాలుగింటిలోనూ కర్మణి వాక్యం ఒక్కటి లేదని గర్వంగా చూసుకున్నాను.

వాడు ఆ కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో ఏజెంటుకి పంపాడు. పది నిమిషాల్లో జవాబొచ్చింది. సీట్లు నిండిపోతున్నాయట, సోమవారం దాటితే హామీ లేదట. ప్రశ్నల సంగతి లేదు. వాడు మళ్ళీ పంపాడు. ఈసారి ఫోనే వచ్చింది. వాడు దూరంగా వెళ్ళి చింతపండు బస్తాల వెనక నిలబడి మాట్లాడాడు. తిరిగొచ్చి ఫోను జేబులో పెట్టుకుని, "వీసా ముందు టూరిస్టుది ఇస్తారట సార్, అక్కడికెళ్ళాక మారుస్తారట" అన్నాడు.

"ఎవరు మారుస్తారట?" అన్నాను.

"మార్చబడుతుందట" అన్నాడు. ఆ మాట అని, వాడే మొదట నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల దుకాణం గనక ఎవరూ ఏమీ అనుకోలేదు.

సోమవారం వెళ్ళింది. గొలుసు మామ్మ మెడలోనే వుంది. నేనేదో ఘనకార్యం చేశానని చెప్పడం లేదు. ఆ కుర్రాడికి నేను ఉద్యోగం ఇప్పించలేదు. ఒక ఆశ తీసేశాను. ఆ తరవాత చాలా వారాలు నేను దుకాణానికి వెళితే వాడు నా మొహం చూడకుండా తూకం వేసేవాడు. అదీ న్యాయమే అనుకున్నాను.

పోయిన వారం వెళితే వాడు లేడు. ముంబయిలో ఇంటర్వ్యూకి వెళ్ళాడట. ఈసారి సముద్రం మీద ఓడ. కంపెనీ లైసెన్సు నంబరు వాడే నౌకాయాన డైరెక్టరేట్ జాబితాలో వెతికి సరిచూసుకున్నాడట. లెక్కల పుస్తకం వెనక అట్ట చింపి జేబులో పెట్టుకుపోయాడని మామ్మ కోప్పడింది. కోపంలో సంతోషం కనిపిస్తూనే వుంది. "కాయితం ఇస్తే మీకాడికే తెస్తానన్నాడు బాబూ."

"తీసుకురమ్మను మామ్మా, చదువుతాను."

మామ్మ రెండు కిలోలు తూచి, పైన ఒక గుప్పెడు కొసరు వేసి, నా చొక్కా జేబు వైపు చూసింది.

"అద్దాలు మరిసిపోకండి" అంది.